పార్కు కింద, నది కింద పాత మురుగు పైపు: బాగుచేయడానికి ఏళ్లు ఎందుకు పడుతుంది?

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలో, ఆష్‌బర్న్, స్టెర్లింగ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కౌంటీలో వాడిపారేసిన నీటిలో కొంత అక్కడి బ్రాడ్ రన్ కేంద్రంలో శుద్ధి అవుతుంది. మిగతాది పోటోమాక్ నది వెంబడే ఒక పెద్ద పైపులో ప్రయాణించి, వాషింగ్టన్ నగరం దక్షిణ కొసన ఉన్న బ్లూ ప్లెయిన్స్ శుద్ధి కేంద్రానికి చేరుతుంది. ఆ పైపే పోటోమాక్ ఇంటర్‌సెప్టర్. డల్లెస్ విమానాశ్రయం కడుతున్న రోజుల్లో, 1960లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి దీనికి అనుమతి ఇచ్చింది. ఆ దశాబ్దం మొదట్లోనే వేశారు. పొడవు సుమారు 54 మైళ్లు, అంటే 87 కిలోమీటర్లు. రోజుకు మోసే మురుగు సుమారు 6 కోట్ల గ్యాలన్లు, మన లెక్కలో 22.7 కోట్ల లీటర్లు. హైదరాబాద్ అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం 33.9 కోట్ల లీటర్లు. దానిలో మూడింట రెండొంతుల నీరు ఈ ఒక్క పైపులో పోతోందన్నమాట.

2026 జనవరి 19న మేరీలాండ్‌లో, క్లారా బార్టన్ పార్క్‌వే పక్కన, ఈ పైపులో 72 అంగుళాల వ్యాసమున్న ఒక భాగం కూలింది. 20 కోట్ల గ్యాలన్లకు పైగా మురుగు పోటోమాక్‌లో కలిసింది. పైపు పాతదన్న సంగతి దాన్ని నడిపే డీసీ వాటర్ సంస్థకు కొత్తేమీ కాదు. మరమ్మతుల కార్యక్రమం అప్పటికే నడుస్తోంది. తెలిసిన జబ్బుకు వైద్యం ఇంత ఆలస్యం ఎందుకు అవుతుందన్నది చాలామందికి వచ్చిన ప్రశ్న.

పైపు లోపల కొత్త గోడ కట్టే పద్ధతులు దశాబ్దాలుగా ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కష్టం రెండు చోట్ల ఉంటుంది: పని జరిగే వారాల్లో ఆ మురుగంతా ఎటు పోవాలి, చెట్ల మధ్య ఉన్న ఆ చోటికి యంత్రాలు ఎటు నుంచి రావాలి. ఈ రెంటికీ పైపు నిలబడి ఉన్నప్పుడే జవాబు వెతికి పెట్టుకోవాలి. కూలిన తర్వాత వెతికితే ఆ జవాబు నదే అవుతుంది.

పైపు పార్కులోకి ఎందుకొచ్చింది?

మురుగు పైపులు వీలైనంతవరకు పంపులు లేకుండా, వాలు మీదే పారాలి. ఊరి నీళ్లన్నీ వాలుకు దిగితే చేరేది వాగుకో నదికో. అందుకే ప్రధాన పైపును లోయ అడుగున, నది ఒడ్డునే వేస్తారు. హైదరాబాద్‌లో ప్రధాన మురుగు లైన్లు మూసీ వైపు దిగడానికి, అంబర్‌పేట, నాగోలు శుద్ధి కేంద్రాలు మూసీ ఒడ్డున ఉండడానికి కారణం ఇదే. వరద వచ్చే ఆ ఒడ్డున ఇళ్లు కట్టరు కాబట్టి అది పార్కుగా మిగులుతుంది. పోటోమాక్ ఒడ్డున ఉన్నది సీ అండ్ ఓ కాలువ. 184.5 మైళ్ల ఆ చారిత్రక కాలువను, పడవలను లాగే కంచర గాడిదల బాటతో సహా, 1971లో జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించారు. పైపు ఒక సంస్థది, దాని మీది నేల జాతీయ పార్కుల సంస్థది. ఒక గొయ్యి తవ్వాలన్నా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

పైపు పైకప్పునే ఆమ్లం ఎందుకు తినేస్తుంది?

మురుగు తగిలే అడుగు భాగమే ముందు పాడవుతుందని చాలామంది అనుకుంటారు. కాంక్రీటు పైపుల్లో జరిగేది దీనికి తలకిందులు. నీటి మట్టం కింద గోడకు పట్టిన జిగట పొరలో ప్రాణవాయువు ఉండదు. అక్కడి బ్యాక్టీరియా మురుగులోని సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. నీరు సుడి తిరిగే చోట, ఎత్తు నుంచి పడే చోట అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా పైకి లేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. పైకప్పు మీద ఎప్పుడూ చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మలో బతికే మరో రకం బ్యాక్టీరియా ఈ వాయువును తిని సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ 12కు పైనే ఉంటుంది. ఈ ఆమ్లం తగిలిన పొరలో అది 1 లేదా 2కు పడిపోతుంది. సిమెంటు జిప్సంగా మారి, గోకితే పెచ్చులుగా ఊడొచ్చే తెల్లటి ముద్ద అవుతుంది.

తీవ్రంగా ఉన్న చోట ఏడాదికి 1 నుంచి 3 మిల్లీమీటర్ల కాంక్రీటు పోతుంది. 72 అంగుళాల పైపు గోడ మందం సాధారణంగా 7 అంగుళాలు, 178 మిల్లీమీటర్లు. అయితే లోపలి ఇనుప కడ్డీల మీద ఉండే కాంక్రీటు కవచం 25 మిల్లీమీటర్లే. ఏడాదికి 2 మిల్లీమీటర్లు పోతే పన్నెండేళ్లలో కడ్డీ బయటపడుతుంది. ఆ తర్వాత తుప్పు, తుప్పుతో ఉబ్బు, ఉబ్బుతో పెచ్చులు. పైనున్న మట్టి బరువును కడ్డీ, కాంక్రీటు కలిసి మోయాల్సిన చోట ఒంటరి కాంక్రీటు మిగులుతుంది.

వేడి ఈ పనిని వేగిరం చేస్తుంది. మురుగునీటి ఇంజినీర్లు వాడే లెక్కలో నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సల్ఫైడ్ పుట్టుక 7 శాతం పెరుగుతుంది. 15 డిగ్రీల మురుగుతో పోలిస్తే 30 డిగ్రీల మురుగులో అది దాదాపు 2.8 రెట్లు. వాషింగ్టన్ చలికాలంలో అరవై ఏళ్లు నిలిచిన కాంక్రీటు హైదరాబాద్, విజయవాడ ఎండల్లో అంతకాలం నిలుస్తుందని లెక్క వేసుకోకూడదు.

వాసన ఫిర్యాదులకూ ఈ తుప్పుకూ దగ్గరి సంబంధం ఉంది. పార్కులో నడిచేవాళ్లు వాసన భరించలేక గోల చేస్తే సులువైన పని గాలి గొట్టాలు మూసేయడం. అప్పుడు వాయువు, చెమ్మ లోపలే నిలిచిపోయి పైకప్పును ఇంకా వేగంగా తింటాయి. ఫ్యాన్లతో గాలిని లాగి, బొగ్గు ఫిల్టర్ల గుండా వదలడమే సరైన దారి. పోటోమాక్ ఇంటర్‌సెప్టర్ పొడవునా అలాంటి వాసన నియంత్రణ కేంద్రాలు కట్టారు.

నది కింద కథ వేరు

నదిని దాటే చోట పైపు ఒక్కసారిగా కిందికి దిగి, నది అడుగు కింద నుంచి వెళ్లి, అవతలి ఒడ్డున మళ్లీ పైకి లేస్తుంది. దీన్ని ఇన్వర్టెడ్ సైఫన్ అంటారు. మామూలు మురుగు పైపు సగం నిండి పారుతుంది, సైఫన్ మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. లోపల గాలి లేదు కాబట్టి పైకప్పుకు ఆమ్లం పట్టదు. అంతమాత్రాన ఆ చోటు క్షేమం కాదు. మురుగుతో పాటు పైపులో కొట్టుకొచ్చిన గాలికి సైఫన్ ముఖద్వారం దగ్గర దారి మూసుకుపోతుంది. అక్కడి గదిలో వాయువు చిక్కబడి, ఆ గది గోడలనూ, దాని ముందరి కొద్ది మీటర్ల పైపునూ తినేస్తుంది. అవతలి గదిలో నీరు సుడి తిరుగుతూ పైకి లేచేటప్పుడు కరిగి ఉన్న సల్ఫైడ్ బయటికొస్తుంది. నది కింది పైపు గట్టిగానే ఉండి రెండు ఒడ్లలో గదులు ఒరిగిపోవడం మామూలే. తనిఖీ డబ్బులు తక్కువున్నప్పుడు ముందు ఈ రెండు గదులూ చూడమనే మేం చెబుతాం.

సైఫన్ లోపలి అసలు జబ్బు పూడిక. సెకనుకు 0.9 మీటర్ల వేగం లేకపోతే ఇసుక, గ్రీజు అడుగునే ఆగిపోతాయి. అందుకే మంచి డిజైన్‌లో రెండు మూడు పైపులు పక్కపక్కన వేస్తారు. రాత్రి తక్కువ నీటికి చిన్నది చాలు, ఉదయం రద్దీకి, వానకు మిగతావి తెరుచుకుంటాయి. ఇలా ఉంటే ఒకదాన్ని మూసి బాగుచేసుకోవచ్చు. ఒకే పైపు ఉన్న సైఫన్‌కు మరమ్మతు చేయాలంటే ముందు పక్కన కొత్తది వేయాల్సిందే.

మూసిన పైపులో నీళ్లు తోడేసే ముందు ఒక లెక్క తప్పనిసరి. 72 అంగుళాల కాంక్రీటు పైపు బయటి వ్యాసం సుమారు 2.18 మీటర్లు. ప్రతి మీటరు పొడవుకూ అది తోసేసే నీటి బరువు 3.75 టన్నులు. పైపు సొంత బరువు మీటరుకు 2.7 టన్నులే. అంటే ఖాళీ చేసిన పైపు మీటరుకు ఒక టన్ను బలంతో పైకి తేలాలని చూస్తుంది. దాన్ని అణిచి ఉంచేది పైనున్న మట్టి. మీటరు మందం మట్టి ఉంటే నీటిలో మునిగి కూడా అది రెండు టన్నులకు పైగా బరువు వేస్తుంది, భయం లేదు. కానీ అరవై ఏళ్ల వరదల్లో నది అడుగు కోసుకుపోయి ఉండవచ్చు. పాత డ్రాయింగ్ మీదున్న మట్టి మందాన్ని నమ్మకూడదు. పడవ మీద నుంచి సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, నది అడుగును కొలిచిన తర్వాతే పంపు ఆన్ చేయాలి.

లోపల ఏముందో చూడడం

ప్రధాన పైపు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అందుకే తనిఖీ రాత్రి 2 నుంచి 5 మధ్య, ప్రవాహం బాగా తగ్గినప్పుడు చేస్తారు. తేలే తెప్ప మీద కెమెరా, నీటి పైభాగాన్ని కొలిచే లేజర్, నీటి కింది పూడికను కొలిచే సోనార్ మూడూ కలిపి పంపాలి. కెమెరా ఒక్కటే పంపితే పైకప్పు రంగు తెలుస్తుంది, ఎంత మందం పోయిందో తెలియదు. లేజర్ గీసిన ఆకారాన్ని పాత వ్యాసంతో పోలిస్తే పోయిన మిల్లీమీటర్లు బయటపడతాయి. లోపాలను 1 నుంచి 5 వరకు గ్రేడ్ చేస్తారు. 5 అంటే కూలడానికి సిద్ధంగా ఉన్నది.

ఈ మూడింటికీ అందనిది పైపు వెనకున్న బొరియ. కీళ్ల సందుల్లోంచి ఊట నీరు లోపలికి కారుతూ చుట్టూ ఉన్న మట్టిని కొద్దికొద్దిగా తెచ్చేస్తుంది. పైన గడ్డి పచ్చగా ఉంటుంది, కింద గుహ పెరుగుతుంటుంది. నేల మీద నుంచి రాడార్‌తో వెతకవచ్చు గానీ బంకమట్టిలో, నీరు నిండిన నేలలో రాడార్ లోతుకు వెళ్లదు. సోనార్‌లో ఒకే చోట పూడిక గుట్టగా కనబడితే, ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. పైపు చుట్టూ రాళ్లతో పూడ్చిన చోట పైకప్పు ఊడితే బండరాళ్లే లోపలికి దిగుతాయి. పోటోమాక్ దగ్గర కూలిన చోటికి కొద్ది దూరంలో పైపు లోపల బండరాళ్ల అడ్డుకట్ట బయటపడింది. బయట గొయ్యి పూడిస్తే సరిపోయే పని, అడ్డుకట్ట తీసేదాకా సాగదీసిన పని అయింది.

మనిషి దిగే పరిస్థితి వస్తే ఒక మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు చేరితే ప్రాణాపాయం. ఆ స్థాయిలోనే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయిందని ధైర్యంగా దిగినవాళ్లే తిరిగి రారు. తెలుగు రాష్ట్రాల్లో మ్యాన్‌హోళ్లలో పోయిన ప్రాణాల వెనక ఇదే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోతారు. 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మరణ పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. పరిహారం కన్నా ముందు కావలసినవి: ఒకేసారి నాలుగు రకాల వాయువులను కొలిచే మీటరు, గాలి కొట్టే బ్లోవర్, ముక్కాలి పీట మీద తాడు, పైన కదలకుండా నిలబడే మనిషి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా దిగకూడదు, దింపకూడదు.

మురుగును పక్కకు మళ్లించడం

ఖర్చులో, ప్రమాదంలో పెద్ద వాటా ఇక్కడే. రోజుకు 22.7 కోట్ల లీటర్లంటే సగటున సెకనుకు 2,630 లీటర్లు. ఎత్తు తక్కువగా ఉన్న చోట 12 అంగుళాల డీజిల్ పంపు ఒకటి సెకనుకు 250 లీటర్లు తోడుతుందనుకుంటే, సగటుకే పదకొండు పంపులు కావాలి. వానకు ప్రవాహం రెట్టింపయితే ఇరవై రెండు. ఇవి కాక కనీసం సగం స్టాండ్‌బైలో, నీళ్లు నింపి, ఇంజిన్ వేడెక్కించి సిద్ధంగా ఉండాలి. నీళ్లు మోసే 630 మిల్లీమీటర్ల పాలిథిన్ పైపు ఒకటి సెకనుకు 600 లీటర్లు పోనిస్తుంది. సగటుకు ఐదు లైన్లు, వానకు తొమ్మిది. ఇవన్నీ పక్కపక్కన పరిస్తే పార్కు బాట మొత్తం పోతుంది.

పంపులు ఆగితే ఎంత సమయం ఉంటుంది? సగం నిండిన 72 అంగుళాల పైపులో ఖాళీగా ఉన్న భాగం మీటరుకు 1.3 ఘనమీటర్లు. పైవైపున కిలోమీటరు పొడవునా ఆ ఖాళీ మొత్తం నిండినా ఎనిమిది నిమిషాలే. ఆ ఎనిమిది నిమిషాల్లో స్టాండ్‌బై అందుకోకపోతే మురుగు మ్యాన్‌హోల్ మూతల్లోంచి నదికే పోతుంది. అందుకే నీటి మట్టం చూసే ఫ్లోట్లు రెండు జతలు, వేర్వేరు అలారాలు, రాత్రింబగళ్లు మనిషి కాపలా రాసి పెడతారు. డీజిల్ ఎప్పుడు నింపాలో, వరద హెచ్చరిక వస్తే ఏ యంత్రాన్ని ముందు ఒడ్డెక్కించాలో కూడా ఆ కాగితంలో ఉండాలి.

పంపులను ఆపేసేవి ఎక్కువగా తడి టిష్యూలు. కరిగిపోతాయని పొట్లం మీద రాసి అమ్మేవి కూడా కరగవు. పంపు రెక్కకు తాడులా పేనుకుంటాయి. ముందర జల్లెడ పెడితే జల్లెడ మూసుకుపోతుంది, దాన్ని గంటగంటకూ గోకడానికి మరో ఇద్దరు కావాలి. ఇంకో పరిమితి పీల్పు లోతు. పైనుంచి పీల్చే పంపు ఏడెనిమిది మీటర్ల కన్నా లోతు నుంచి నీరు తీయలేదు. పైపు అంతకన్నా లోతుగా ఉంటే మునిగే పంపులు దింపాలి, వాటికి కరెంటు కావాలి, అడవిలాంటి పార్కులో కరెంటంటే జనరేటర్లు.

పోటోమాక్‌లో పైపు కూలిన తర్వాత ఆ ఒడ్డునే ఉన్న సీ అండ్ ఓ కాలువలో కొంత భాగాన్ని తాత్కాలిక మురుగు కాల్వగా వాడుకున్నారు. పైనుంచి పంపులతో కాలువలోకి తోడి, కూలిన చోటు దాటాక మళ్లీ పైపులోకి పంపారు. ఆ గడియలో అంతకన్నా మంచి దారి లేదు. కానీ చారిత్రక కాలువ అడుగున మురుగు పారితే, ఆ తర్వాత కాలువను శుభ్రం చేయడం వేరే ప్రాజెక్టు అవుతుంది. ముందే అనుకుని ఉంటే ఆ ఒడ్డున పైపులు పరచడానికి చోటు, పంపులకు గుంతలు, అనుమతులు సిద్ధంగా ఉండేవి.

ఏ పద్ధతి, ఎప్పుడు?

పెద్ద పైపులకు వాడే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది సీఐపీపీ, అంటే పైపు లోపలే గట్టిపడే లైనర్. ఫెల్ట్ లేదా గాజునార గొట్టాన్ని ఫ్యాక్టరీలో రెజిన్‌తో, అంటే తర్వాత గట్టిపడే జిగురుతో, తడిపి, చల్లటి లారీలో తెస్తారు. మ్యాన్‌హోల్ నుంచి నీటి ఒత్తిడితో, చొక్కా చేతిని తిరగేసినట్టు, పాత పైపులోకి తిరగేస్తూ పంపుతారు. లోపలి నీటిని 80 డిగ్రీల వరకు వేడి చేస్తే రెజిన్ గట్టిపడుతుంది. అతినీలలోహిత దీపాలతోనూ గట్టిపరచవచ్చు గానీ మరీ మందమైన లైనర్‌లో కాంతి లోపలి దాకా చేరదు.

మందం ఎంతుండాలో ఊట నీటి ఒత్తిడి చెబుతుంది. పైపు మీద 6 మీటర్ల నీరు, పైపు గుండ్రదనంలో 2 శాతం వంకర, భద్రతకు రెండింతలు, 50 ఏళ్లలో రెజిన్ గట్టిదనం సగానికి పడిపోతుందన్న అంచనాతో, 72 అంగుళాల పైపుకు మెరుగైన రెజిన్‌తో 34 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలు రెజిన్‌తో దాదాపు 40. ఇది పాత పైపు మట్టి బరువును ఇంకా మోస్తోందనుకున్న లెక్క. పైకప్పులో కడ్డీలు కనబడుతుంటే ఆ అనుకోలు చెల్లదు. మట్టి బరువు కూడా లైనర్ మీదే వేసి మళ్లీ లెక్క కట్టాలి. టెండర్‌లో మొదటి లెక్క రాసి, లోపల రెండో పరిస్థితి ఉంటే, ఆ తేడా అంతా ఏళ్ల తర్వాత ఉబ్బుగా బయటపడుతుంది.

34 మిల్లీమీటర్ల లైనర్ 150 మీటర్లకు 34 టన్నుల దాకా తూగుతుంది. గట్టిపరచడానికి పట్టే నీళ్లు దాదాపు 3.6 లక్షల లీటర్లు. పార్కు బాట మీద ఆ లారీ, ఆ బాయిలర్ నిలబడగలవా అన్నది రెజిన్ ఎంపిక కన్నా ముందు తేలాల్సిన విషయం. పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే హానికర రసాయనం ఉంటుంది. వాడిన వేడి నీటిని చల్లార్చి మురుగు లైన్‌లోకే పంపాలి. వాగులో వదిలితే చేపలు చస్తాయి. నది పక్క పనులకు స్టైరీన్ లేని రెజిన్ రాయడం మేలు, ఖరీదెక్కువైనా సరే.

ఈ పద్ధతి చెడేది ఎక్కువగా ఊట నీటి వల్ల. కారుతున్న కీలు దగ్గర చల్లటి నీరు తడి రెజిన్‌ను కడిగేస్తుంది, వేడిని లాగేస్తుంది. అక్కడ లైనర్ మెత్తగా ఉండిపోతుంది. అందుకే ముందు కీళ్లకు పాలీయురేథేన్ గ్రౌట్, అంటే సందుల్లోకి ఎక్కించాక గట్టిపడే ద్రవం, ఎక్కించి కారడం ఆపాలి. నాణ్యత పరీక్షకు ముక్కను మామూలుగా మ్యాన్‌హోల్ దగ్గర కోస్తారు. వేడి బాగా అందేదీ, ఊట లేనిదీ అక్కడే కాబట్టి అది ఎప్పుడూ పాసవుతుంది. గొట్టం అడుగున మూడు నాలుగు చోట్ల ఉష్ణోగ్రత కొలిచే తీగ పెట్టించి, ఆ రికార్డు అడిగి తీసుకోవాలి.

రెండోది స్లిప్‌లైనింగ్. పాత పైపులోకి కాస్త చిన్న గాజునార పైపు ముక్కలను ఒకదాని వెనక ఒకటి తోస్తారు. ప్రవాహం నడుస్తుండగానే చేయగలగడం దీని పెద్ద లాభం. బైపాస్, అంటే మురుగును పక్కకు మళ్లించే భారం బాగా తగ్గుతుంది. నష్టం వ్యాసం. 72 అంగుళాల్లోకి లోపలి వ్యాసం 60 అంగుళాలున్న పైపు దూరిస్తే వైశాల్యం 31 శాతం పోతుంది. కొత్త గోడ నున్నగా ఉండడం వల్ల కొంత తిరిగొచ్చినా మోసే శక్తి 20 నుంచి 27 శాతం తగ్గుతుంది. ఊరు పెరుగుతున్న చోట అది భరించగలమా అన్నది ముందే చూడాలి. సీఐపీపీలో ఈ బెడద లేదు, సన్నబడినంతా నునుపుతో సరిపోతుంది. స్లిప్‌లైనింగ్‌కు వంకర కూడా శత్రువు. ముక్కలు దింపడానికి పెద్ద గొయ్యి కావాలి. పాత, కొత్త పైపుల మధ్య సందును గ్రౌట్‌తో నింపేటప్పుడు కొత్త పైపు తేలుతుంది. ఒకేసారి నింపకుండా మూడు నాలుగు విడతల్లో, ఒక్కొక్కటీ గట్టిపడ్డాక నింపాలి. తొందరపడితే పైపు పైకప్పుకు ఎగదన్ని, అడుగున వాలు చెడి, అక్కడే పూడిక పడుతుంది.

మూడోది మనుషులో రోబోలో చిమ్మే మోర్టార్. ఆకారం వంకరగా ఉన్న గదులకు, సైఫన్ ముఖద్వారాలకు ఇదే కుదురుతుంది. మామూలు సిమెంటు మోర్టార్‌ను మాత్రం అదే ఆమ్లం మళ్లీ తింటుంది. జియోపాలిమర్ రకమో, పైన ఎపాక్సీ పూతో ఉండాలి. పాత మెత్తటి పొరను గట్టి కాంక్రీటు తగిలేదాకా గోకకుండా చిమ్మితే, పూత జిప్సం ముద్దతో సహా పెచ్చుగా ఊడొస్తుంది.

ఏ పద్ధతికైనా ముందు కడగాలి. ఇక్కడా జాగ్రత్త కావాలి. కడ్డీలు బయటపడ్డ పైకప్పు మీద ఎక్కువ ఒత్తిడి జెట్ పెడితే మిగిలింది కూడా రాలుతుంది. గ్రేడ్ 5 ఉన్న చోట ముందు చుట్టూ గ్రౌట్ ఎక్కించి నిలబెట్టి, ఆ తర్వాత తక్కువ ఒత్తిడితో అడుగు మాత్రమే కడగాలి.

చెట్లు, గబ్బిలాలు, క్యాలెండర్

పార్కులో పని క్యాలెండర్‌ను చెట్లు, పక్షులు, వరదలు నిర్ణయిస్తాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో రక్షిత గబ్బిలాలు ఎండాకాలంలో చెట్ల బెరడు కింద పిల్లలను సాకుతాయి కాబట్టి ఆ నెలల్లో చెట్లు కొట్టనివ్వరు. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో నదిలో పని ఆపుతారు. మిగిలేది చలికాలం. అప్పుడే ఊట నీరు పెరిగి ప్రవాహం ఎక్కువవుతుంది. ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరదు. నదిలో మట్టి కదిపితే సైనిక ఇంజినీర్ల విభాగం అనుమతి, పార్కులో కదిపితే పర్యావరణ అధ్యయనం కావాలి. ఇవన్నీ పూర్తయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. వీటిని అడ్డంకులని తిట్టుకోవడం సరికాదని మా అభిప్రాయం. పెద్ద చెట్టు వేళ్లను బండి చక్రం ఒక్కసారి నలిపితే ఆ చెట్టు నాలుగైదేళ్లలో ఎండుతుంది, మళ్లీ రావడానికి వందేళ్లు. వేళ్ల మీద మందపాటి కలప చాపలు పరిచి, బండ్లను వాటి మీదే నడిపితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

అందుకే వరస ముఖ్యం. లేజర్ కొలతల్లో కడ్డీ కవచం సగం పోయిందని తేలిన రోజే అనుమతుల ఫైలు కదలాలి, గ్రేడ్ 5 వచ్చేదాకా ఆగకూడదు. మొదట ప్రవేశ బాట, పంపుల గుంతలు, బైపాస్ పైపులు కలిపే చోట్లు ఒక చిన్న పనిగా విడగొట్టి కట్టేయాలి. అవి శాశ్వతంగా ఉండిపోతే అత్యవసరం వచ్చినా పనికొస్తాయి. తర్వాత సైఫన్ గదులు, ఆ తర్వాత పైకప్పు ఎక్కువ అరిగిన భాగాలు. నది కింది పైపు అన్నింటికన్నా చివర, దానిలో లోపం కనిపిస్తే తప్ప.

పని అయ్యాక బిల్లు చెల్లించే ముందు మళ్లీ లేజర్ పంపాలి. కొత్త గోడ వ్యాసం ఆ రోజే నమోదైతే తర్వాతి కొలతలకు అదే ఆధారం. వారంటీ ముగియడానికి రెండు నెలల ముందు, అదీ ఊట ఎక్కువగా ఉండే కాలంలో ఇంకోసారి చూడాలి. ఎండాకాలంలో చూస్తే కారే కీళ్లు ఎండి కనిపిస్తాయి. లైనర్ పాత పైపును వదిలి మ్యాన్‌హోల్ దగ్గర ఆగే అంచును చేత్తో తడిమి చూడాలి. ఊట నీరు సందులో ప్రయాణించి బయటికొచ్చేది అక్కడే.